నాకా రాయి ఈపు

సాతంరాయి దాటి శంషాబాద్ దిక్కు వస్తుంటే ఎడమచేతి పక్కకు నాకా రాయి కనపడ్తది. పగటిపూట ఎన్నిసార్లన్న ఆగుండ్రి. గద్దె మీద కూసోండ్రి, బీడీ కాల్చుకోండ్రి, ఎవలు వద్దంటరు? పొద్దుమీకినంక మాత్రం గాడ బండి ఆపకుండ్రి.

ఎందుకంటరా? చప్పుడొస్తది.

టక్... టక్.

జరసేపు ఏముండది. మల్ల — టక్... టక్.

ఎప్పుడొచ్చినా రెండు రెండుగనే వస్తది. రాయి మీద ఉలి పెట్టి సుత్తెతోని కొట్టినట్టుంటది. బెంగుళూరు లారీలోళ్లు గాడికి రాంగనే హారన్ మీద చెయ్యి పెట్టి, నాకా దాటేదాక తియ్యరు. టైరు పంక్చరైతే ఉత్త రిమ్ము మీదనే బండి ఈడ్సుకపోయి, ముంగట చాయ్ హోటల్ కాడ ఆపుకున్నోడు గూడ ఉన్నడు. రిమ్ము పాడైతే కొత్తది దొరుకుతది, పానం యాడ దొరుకుతది అన్నడంట.

నవ్వుతున్నరా? నవ్వుండ్రి. ఈ ముచ్చట చెప్పింది రాళ్లు కొట్టే రాములు. రాములు అబద్ధమాడడు. ఆడేటంత తెలివి గూడ లేదు పాపం. సగం ముచ్చట ఆయన కండ్లతోని చూసింది, మిగిలిన సగం ఆ పటేల్ కొడుకు మల్లేశ్వరే కల్లు తాగిన నాడు ఏడ్సుకుంట చెప్పుకున్నది.

ముందుగాల ఆ రాయి యాడికెల్లి వచ్చిందో చెప్పాలె.

నిజాం కాలంల గాడ పోలీసు నాకా ఉండె. పాల్మాకుల మత్తయ్య అని ఒక పిలగాడు, ఇరవై నాలుగేండ్లుంటయేమో, అనంతయ్య పటేల్ ఇంట్ల వెట్టి చేసెటోడు. దేశమంతట స్వతంత్రం వచ్చిందంట, మనకేంది రాలేదని అడిగిండు. అడిగి ఊకున్నా బతుకుతుండె. ఒకనాడు తెల్లారకముందు నాకా కప్పెక్కి, మూడు రంగుల జెండా కట్టి దిగిండు. ఆ జెండా కుట్టింది ఆయన పెండ్లాం యేసమ్మ. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు.

పోలీసులు ఊరూరు జల్లెడ పట్టిండ్రు. మూడు దినాలు దొరకలే. నాలుగోనాడు దొరికిండు. నాకా ముంగటనే నిలబెట్టి కాల్చిండ్రు. శవం గూడ ఇయ్యలే. యాడ పాతిపెట్టిండ్రో ఇప్పటికీ ఎవనికీ తెల్వదు.

ఆ మూడు దినాలు మత్తయ్య యాడ దాగిండు? ఎవలు పట్టిచ్చిండ్రు? ఊరంతకు ఎరుకే. గాని నోరిప్పి అన్నోడు లేడు. పటేల్‌ను పట్టుకుని అనేటంత గుండె ఎవనికుంటది?

స్వతంత్రం వచ్చి ఇరవై ఐదేండ్లైననాడు, డెబ్బై రెండుల, ఊరోళ్లంత కలిసి నాకా జాగల మత్తయ్యకు రాయి నిలబెట్టిండ్రు. ఆ రాయి చెక్కింది బుచ్చయ్య, మన రాములు తండ్రి. మత్తయ్యకు చిన్నప్పటి జోడీగాడు. నిలువెత్తు నల్లరాయి. దాని ముఖం మీద 'దేశం కోసం ప్రాణమిచ్చిన వీరుడు మత్తయ్య' అని చెక్కిండు. ఈపు దిక్కు సున్నం గచ్చు మెత్తి సాపు చేసి, పాత నాకా గోడకు ఆనిచ్చి నిలబెట్టిండు. ఆ గోడ తర్వాత వానలకు కూలిపోయింది. రాయి నిలబడ్డది.

రాయిని క్వారీకెల్లి తెచ్చింది ఎవలనుకున్నరు? అనంతయ్య పటేల్ కొడుకు, మల్లేశ్వర్. ఇరవై ఏండ్ల పోరడు, తమ ఎడ్లబండి మీద తనే తోలుకొచ్చిండు. పటేల్ గూడ వచ్చి దండ ఏసి, కండ్లు తుడుసుకుని పోయిండు. చూసినోళ్లు చూసిండ్రు, ఉమ్మేసినోళ్లు చాటుకు పోయి ఉమ్మేసిండ్రు.

యేసమ్మకు మాత్రం ఆ రాయే సర్వం. నవంబరు రెండుకు సమాధుల పండుగ వస్తది గదా, చర్చి జనమంత తమ తమ సమాధులు కడిగి, బంతిపూలు పెట్టి, మోంబత్తులు ముట్టిస్తరు. ఆమెకు సమాధి యాడిది? అందరు సమాధుల తోటకు పోతుంటే, ఆమె ఒక్కతి నాకా రాయి కాడికి వచ్చేది. రాయిని కడిగి, పేరు కింద ఒక్క మోంబత్తి పెట్టి, అది ఆరేదాక కూసునేది. రోడ్డున పొయ్యేటోళ్లు చీకట్ల ఆ ఎలుగు చూసి దెయ్యమని బుగులుపడ్డరంటే... అప్పటికది దెయ్యం గాదు, పెండ్లాం.

ఇగ అసలు కథకు రండ్రి.

తొంభై ఏడు వచ్చింది. స్వతంత్రానికి యాభై ఏండ్లు. ఊరూర జెండాలు, మైకులు. అనంతయ్య పటేల్ చచ్చి అప్పటికి పదిహేడేండ్లు. మల్లేశ్వర్‌కు నలభై ఐదు. ఇల్లు, పొలం, ట్రాక్టరు, క్వారీ — అన్నీ ఉన్నై. ఒక్కటే లేదు. మంచిపేరు.

చిన్నప్పటికెల్లి ఆయన చెవుల్ల ఒక మాట పడుతనే ఉంది. పెండ్లి బంతిల కూసుంటే పక్కోడు గొణిగేది. కల్లు దుకాణంల లేసిపోయినంక ఎనకకెల్లి వినపడేది. 'పట్టిచ్చినోని కొడుకు.' ఎవలన్నరని తిరిగి చూస్తే అందరు ఆకుల దిక్కే చూసేటోళ్లు. ఎవన్ని కొడ్తడు? ఊరినంత కొడ్తడా?

తండ్రి చేసింది ఆయనకు తెల్వదా అంటే... తెలుసు. పటేల్ చచ్చేముందు నెల దినాలు మంచంల పడ్డడు. రాత్రయితే చాలు, పశుల కొట్టం దిక్కు చూసి ఒర్లేటోడు — "జాగ లేదు! జాగ లేదు పో!" కొట్టంల ఎడ్లు తప్ప ఎవలున్నరు? మల్లేశ్వర్ మంచం పక్కన కూసుని అన్నీ విన్నడు. విని కడుపుల పెట్టుకున్నడు.

ఆ మాటను ఊరి నోట్లెకెల్లి తీసెయ్యాలె. దానికి ఆయనకు తోచిన ఉపాయం — నాకా రాయి మీద తండ్రి పేరు పెట్టుడు. రాయి మీద పేరున్నోన్ని ఎవలంటరు? రేపటి పోరగాండ్లు చదివేది రాయినే గదా!

క్వారీల రాములును పిలిచిండు.

"రాములూ, నాకా రాయిని మల్లేసి పెట్టాలె. ముఖం ఎనకకు, ఈపు ముంగటికి. ఈపు మీద మా బాపు పేరుతోని పాలరాయి పలక అతికియ్యాలె. అత్తాపూర్ల చెక్కిస్తున్న."

రాములు చేతిల సుత్తె కింద పెట్టిండు.

"పటేలా... నిలబెట్టిన రాయిని తిప్పొద్దంటరు మా కులపోళ్లు. నిలబెట్టినంక అది రాయి గాదు, మనిషి లెక్క."

"నేనేమన్న పగలగొట్టమంటున్ననా? మత్తయ్య పేరు చెరపమంటున్ననా? పేరు యాడిదాడనే ఉంటది. ఎనకకుంటది అంతే."

"మా బాపు పోయేటప్పుడు గూడ చెప్పిండు. అన్ని రాళ్లు ముట్టు బిడ్డా, నాకా రాయి ఈపు మాత్రం ముట్టకు అన్నడు."

"ఎందుకంట?"

"చెప్పలే. ఊపిరి పోయింది."

మల్లేశ్వర్ నవ్విండు. "సచ్చినోళ్ల మాటలతోని పొయ్యి మండది. క్వారీల పని నీకు కావాల్నా, వద్దా?"

రాములుకు ఇద్దరు ఆడపిల్లలు. ఇగ ఏమంటడు? అందితే జుట్టు, అందకపోతే కాళ్లు — పెద్దోళ్ల యవ్వారం తెలిసిందే గదా.

సంగతి యేసమ్మ చెవిల పడ్డది. పాల్మాకుల నుంచి కట్టె పట్టుకుని, బస్సెక్కి, మల్లేశ్వర్ ఇంటి ముంగట దిగింది. అరుగు మీద కూడ కూసోలే.

"మల్లేశూ, రాయిని తిప్పుతున్నవంట. నిజమేనా?"

"పేరు తీస్తలేను పెద్దమ్మా. ఎనకకు పోయి మోంబత్తి పెట్టుకో, ఎవలు వద్దంటరు?"

"ఎనక గోడ కడుతున్నవంట గదా. గోడకు, రాయికి నడుమ నా చెయ్యి పట్టదు బిడ్డా."

లోపట ఆయన పెండ్లాం భాగ్యమ్మ తలుపు చాటున నిలబడి వింటున్నది.

యేసమ్మ కట్టె ఊతంతోని జర దగ్గరకు వచ్చింది. తర్వాత మెల్లగ, చెవిల చెప్పినట్టు అన్నది —

"తిప్పకు బిడ్డా. నా కోసం గాదు... నీ కోసం చెప్తున్న. రాయికి ముఖం ఉన్నట్టే ఈపు గూడ ఉంటది."

"శాపం పెడుతున్నవా?"

"శాపం పెట్టేదాన్నైతే యాభై ఏండ్లు ఆగుదునా?" అన్నది. అని పోయింది.

ఆగస్టు పన్నెండున రాయిని తిప్పిండ్రు. ఎనిమిది మంది, గడ్డపారలు, మోకులు. రాయి కదిలినప్పుడు లోపలికెల్లి ఒక మూలుగు వచ్చిందంటడు రాములు. గడ్డపార రాయికి రాసుకున్న చప్పుడేమో. కానియ్యి. తిప్పిండ్రు, నిలబెట్టిండ్రు. మత్తయ్య పేరు ముంగట రొండంగుళాల సందు ఇడిసి కొత్త ఇటుక గోడ లేపిండ్రు. ఈపు మీది గచ్చు ఇరవై ఐదేండ్లదైనా తెల్లగ, సాపుగ ఉంది. దాని మీదనే సిమెంటు మెత్తి, పాలరాయి పలక అతికిచ్చిండ్రు. 'స్వాతంత్ర్య సమరయోధులు శ్రీ పటేల్ అనంతయ్య గారి స్మారకార్థం' — బంగారు రంగు అక్షరాలు మెరుస్తున్నై.

"పటేలా, పాత సున్నం మీద సిమెంటు పట్టదు," అన్నడు రాములు. "గచ్చంత రాల్చి, రాయికే అతికియ్యాలె. రొండు దినాలు ఇయ్యి, రాలుస్త."

"రొండు దినాలు యాడున్నై? పదిహేను దాటితే చాలు. పర్ద కట్టు."

ఎర్ర పర్ద కట్టిండ్రు. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి తాడు గుంజాలె. అంత ఖరారైంది.

పద్నాలుగో తారీఖు రాత్రి... వాన.

సన్నవాన గాదు. మొగులు పలిగినట్టు కొట్టింది. మంచంల మల్లేశ్వర్‌కు నిద్ర లేదు. సిమెంటు పచ్చిగనే ఉంది, పలక జారితే ఎట్ల? తెల్లారి ఊరంత, అధికారి ముంగట, బాపు పేరు బురదల పడి ఉంటే ఎట్ల? పదకొండు దాటినంక వాన తగ్గింది. లేసి స్కూటర్ తాళం తీసుకున్నడు.

"గీ రాత్రి యాడికి?" భాగ్యమ్మ చెయ్యి పట్టుకున్నది. "వద్దు... ఆ ముసలామె అన్న మాట నాకు చెవులల్లనే తిరుగుతున్నది."

"జర చూసి వస్త. పండు నువ్వు."

రోడ్డు మీద పురుగు లేదు. కప్పలు ఒర్లుతున్నై. నాకా కాడ స్కూటర్ బంద్ చేసిండు. షామియానా కెల్లి నీళ్లు కారుతున్నై. పర్ద తడిసి రాయికి అతుక్కపోయింది. కాని పలక యాడిదాడ ఉంది — తడిమి చూసుకున్నడు. హమ్మయ్య అని ఊపిరి ఇడిసిండు.

టక్.

నీళ్ల చప్పుడనుకున్నడు.

టక్... టక్.

నీళ్లు గట్ల పడవు. నీళ్లకు ఉలి చప్పుడు రాదు.

మెల్లగ పర్ద మీద అరచెయ్యి ఆనిచ్చిండు. టక్ — అరచేతికి తగిలింది. దెబ్బ బయట కాదు. లోపట. రాయి లోపలికెల్లి ఎవలో కొడుతున్నరు.

కాళ్ల కాడ తెల్లగ ఏందో రాలి ఉంది. వంగి ముట్టుకున్నడు. గచ్చు పొడి. పర్ద కిందికెల్లి జరజర రాలుతున్నది... రాలుతనే ఉన్నది.

అప్పుడు చూసిండు — రాయి ఎనక, కొత్త గోడ సందుల, పసుపు పచ్చని ఎలుగు. మోంబత్తి. సమాధుల పండుగకు ఇంక రెండున్నర నెలలుంది. అంత వానల మోంబత్తి మండుతున్నది, ఆరలే.

"యేసమ్మా..." అని పిలిచిండు. "పెద్దమ్మా... నువ్వేనా?"

చప్పుడు ఆగింది.

కప్పలు గూడ ఆగినై. అంత సప్పుడు లేకుంట అయింది. గా సందులకెల్లి, చెవి పక్కన ఊదినట్టు — మొగోని గొంతు. పడుచు గొంతు. బతిమాలుతున్న గొంతు.

"పటేలా... కొట్టంల జర జాగ ఉన్నదా?"

మల్లేశ్వర్ ఎట్ల ఇల్లు చేరిండో ఆయనకే తెల్వదు. స్కూటర్ నాకా కాడనే ఉండిపోయింది. చెప్పులు రోడ్డు మీద దొరికినై. భాగ్యమ్మ తలుపు తీస్తే గడప మీద కూలబడి ఒక్క మాటే అన్నడంట — "బాపు అన్నది గా మాటకే... గా మాటకే జవాబు..."

తెల్లారింది. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. పోవద్దన్నది భాగ్యమ్మ. పోకుంటె ఎట్ల? వందలమంది వచ్చిండ్రు. బడిపిల్లలు కాగితం జెండాలు పట్టుకుని లైన్ల నిలబడ్డరు. యేసమ్మ గూడ వచ్చింది, ఎనక వరసల, కట్టె మీద గడ్డం ఆనిచ్చి. పగటి ఎలుతుర్ల మల్లేశ్వర్‌కు జర ధైర్యమొచ్చింది. జ్వరంల ఏదో అనిపిచ్చింది అనుకున్నడు.

అధికారి తాడు గుంజిండు. పర్ద జారింది.

పలక మెరిసింది. చప్పట్లు కొట్టబోయిండ్రు... చేతులు కలవకముందే పలక ఒక్కసారి కదిలింది. మెల్లగ, దాని ఇష్టంతోని అన్నట్టు, ముంగటికి వంగింది. ధన్‌మని మల్లేశ్వర్ కాళ్ల ముంగట పడి నాలుగు ముక్కలైంది. దాని ఎంబడి ఈపు మీది గచ్చంత, పెద్ద పెద్ద పెళ్లలు పెళ్లలుగ, నేలకు రాలింది.

కింద నల్లరాయి. నల్లరాయి మీద అక్షరాలు. జానెడు జానెడు అక్షరాలు — బుచ్చయ్య చేతి అక్షరాలు.

బడిపిల్లలకు చదువుడు అలవాటే గదా. ముంగట లైన్ల నిలబడ్డోళ్లు పాఠం చదివినట్టు గట్టిగ, అందరు కలిసి చదివిండ్రు —

'నమ్మి దాగిన మత్తయ్యను పట్టించినవాడు పటేల్ అనంతయ్య.'

పంతులు పిల్లల నోర్లు మూయబోయి, ఆయన గూడ చదువుకుంట నిలబడ్డడు. అధికారి కారెక్కిండు. పేపరాయన ఫొటో తీసిండు.

మల్లేశ్వర్ ఏం చేసిండంటే — రాయి ముంగట నిలబడి, పిచ్చోని లెక్క అంగీ ఇప్పి ఆ అక్షరాల మీద కప్పబోయిండు. అంగీ నిలబడలే. జారింది.

జనం తోవ ఇచ్చిండ్రు. యేసమ్మ ముంగటికి వచ్చింది.

"చూసినవా బిడ్డా," అన్నది. గొంతుల కోపం లేదు, అదే ఎక్కువ భయం పెట్టింది. "బుచ్చయ్య రొండు దిక్కులా చెక్కిండు. గీ దిక్కే రోడ్డుకు పెడ్తనని పంతం పట్టిండు. రాయి తెచ్చేనాడు నువ్వు బండి తోలినవ్. నేను ఎండల నడుస్తుంటే బండి ఆపి, 'పెద్దమ్మా, నీళ్లు తాగు' అని చెంబు ఇచ్చినవ్. వెట్టోని పెండ్లానికి మీ ఇంటి చెంబుతోని నీళ్లిచ్చినోనివి నువ్వొక్కనివే. గా పోరడు రోజు గీ తోవ నడవాలె గదా, తండ్రి పాపం వాని కండ్లకు వద్దు అన్న. బుచ్చయ్య కాళ్లు పట్టుకుని గచ్చు పెట్టిచ్చిన. ఇరవై ఐదేండ్లు నీ కోసమే గోడకు తిప్పి పెట్టిచ్చిన బిడ్డా."

మల్లేశ్వర్ ఆమె కాళ్ల మీద పడ్డడు. ఊరంత చూస్తుండంగ, బురదల.

"మల్ల తిప్పిస్త పెద్దమ్మా... మత్తయ్యను ముంగటికి తెస్త... నువ్వు ఒక్క మాట చెప్పు, జనం ఒప్పుకుంటరు... ఒక్క మాట..."

యేసమ్మ కాళ్లు ఎనకకు తీసుకున్నది.

"ఒకసారి నేను తిప్పిచ్చిన. రొండోసారి తిప్పినోనివి నువ్వు. ఇగ గిట్లనే ఉండనీ. నా పెనిమిటి మూడు దినాలు మీ కొట్టంల చీకట్ల ఉన్నడు. నీకు ఎలుతురు ఉన్నన్ని దినాలు నువ్వు దీన్ని చూడాలె."

అని, రాయి ఎనకకు పోయింది. ఊరోళ్లు గడ్డపారలతోని కొత్త గోడను అప్పటికప్పుడు కూల్చిండ్రు. ఇప్పుడు రాయికి రొండు దిక్కులూ ముఖాలే.

రాత్రి మోంబత్తి సంగతి ఎవలో ఆమెను అడిగిండ్రు. "నేనా? గా వానల? నిన్న పొద్దుమీకంగనే పాల్మాకుల్ల తలుపేసుకుని పండుకున్న," అన్నది. చెప్పుడు అయితే అంతే చెప్పింది.

తర్వాత మల్లేశ్వర్ చెయ్యని పని లేదు. సిమెంటు మెత్తిచ్చిండు — మూడో వానకే రాలింది. రాయిని పీకిపిస్తనన్నడు — పేపర్ల పడ్డ రాయి, ఎవలు ముట్టొద్దని ఊరంత సంతకాలు పెట్టింది. చెక్కి చెరిపెయ్యమని రాళ్లు కొట్టేటోళ్లను బతిమాలిండు. సాతంరాయి నుంచి పాల్మాకుల దాక ఒక్కడు ఉలి పట్టలే. రాములు క్వారీ పని ఇడిసిపెట్టి, వేరే తాన కూలికి పోయిండు గాని, చెయ్యి మాత్రం పెట్టలే.

చప్పుడు అప్పుడే మొదలైంది.

టక్... టక్.

మత్తయ్య దెయ్యమన్నరు. బుచ్చయ్య దెయ్యమన్నరు. బస్సులు ఆగుడు బంద్ అయినై. పోయినేడు సమాధుల పండుగ రాత్రి రాములుకు పంతమొచ్చింది. మా బాపు దెయ్యమైతే నన్నేం చేస్తడు, చూసొస్త అని పోయిండు. తుమ్మచెట్టు చాటున నిలబడ్డడు.

దెయ్యం గాదు. మల్లేశ్వర్.

గడ్డం పెరిగింది, అంగీ లేదు. మోకాళ్ల మీద కూసుని, ఎడమ చేతిల ఉలి, కుడి చేతిల సుత్తె. తండ్రి పేరు మీద కొడుతున్నడు. రెండేండ్ల నుంచి రాత్రి రాత్రి వచ్చి కొడుతున్నడు. ఇంట్ల భాగ్యమ్మ తలుపుకు గొళ్లెం పెడితే కిటికీలకెల్లి దూకి వస్తడంట.

రాములు ముందుగాల పాపమన్నడు. తర్వాత జర దగ్గరకు పోయి చూసి, రొండడుగులు ఎనకకు ఏసిండు.

రాళ్లు కొట్టేటోళ్లకు ఎరుకైన సంగతి ఒకటుంది. రాయి మీద అక్షరం పోవాలంటే అక్షరాన్ని కొట్టొద్దు. చుట్టుపక్కల రాయినంత చెక్కి, అక్షరం లోతుకు దింపాలె. ఉలి పట్టరానోడు అక్షరం మీదనే ఉలి పెడ్తడు. ఉలి మొన జారి గాడిల పడ్తది. ఎన్ని దెబ్బలు కొడితే అక్షరం అంత లోతైతది.

బుచ్చయ్య చెక్కినప్పుడు ఆ అక్షరాలు ఏలు గోరంత లోతు. ఇప్పుడు 'అనంతయ్య'ల రాములు ఏలు సగందాక దిగిపోతది. వంద ఏండ్లకు అరిగిపోయే పేరును కొడుకే వెయ్యేండ్లకు చెక్కుతున్నడు.

"చెప్పకపోయినవా మరి?" అని అడిగిండ్రు రాములును.

"చెప్పొచ్చు," అన్నడు రాములు. "చెప్పలే." బీడీ ముట్టిచ్చుకుని, "మా బాపు చెక్కిన రాయది," అన్నడు.

కాని రాములు ఆ రాత్రి ఉరికింది దానికి గాదు.

తిరిగి పోదామని మల్లుతుంటే ఆయనకు ఒక సంగతి చెవిన పడ్డది. మల్లేశ్వర్ సుత్తె ఎత్తి ఒక్క దెబ్బ కొడ్తడు. కొట్టి ఆగుతడు. రాయికి చెవి పెట్టి, ఊపిరి బిగబట్టి ఇంటడు. అప్పుడు రాయి అవతలి దిక్కు, మత్తయ్య పేరున్న దిక్కుకెల్లి, ఇంకొక దెబ్బ.

రాములు రాయి చుట్టు తిరిగి చూసిండు. ఎవలు లేరు. యేసమ్మ పొద్దుగాల పెట్టిపోయిన బంతిపూలు. ఒక్క మోంబత్తి. అంతే.

ఇవతల మల్లేశ్వర్ రాయికి నోరు ఆనిచ్చి గుసగుసగ అంటున్నడు — "ఉన్నది... జాగ ఉన్నది మత్తయ్యా... రా... జాగ ఉన్నది..."

అవతలికెల్లి జవాబు రాలే. దెబ్బ వచ్చింది.

ఇప్పుడు శంషాబాద్ల విమానాలు దిగుతయంటున్నరు. దుర్భిణీలు పట్టుకుని సర్వేవాళ్లు తిరుగుతున్నరు. వాళ్లకు గూడ ఊరోళ్లు గిదే చెప్తున్నరు. నాకా కాడ కొట్టేది మల్లేశ్వరే, భయపడకుండ్రి, పిచ్చోడు, ఎవన్నీ ఏమనడు. కాని చీకటి పడినంక బండి ఆపకుండ్రి. ఆపితే చప్పుడు లెక్కపెట్టబుద్ధైతది.

ఆయన కొట్టేది ఒక్కటే దెబ్బ. మీకు వినపడేవి రెండు.